బైక్ కోసం ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ కొంటున్నావా? ముందు నీ కారు తలుపు తీసి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కారు 2021 టయోటా హైలాండర్. బైకులు రెండు, ఒకటి నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, రెండోది మీ ఫ్రెండ్ హార్లీ రోడ్ గ్లైడ్. అక్టోబర్లో ఇద్దరూ టెన్నెసీ వెళ్ళి టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అనే మలుపుల కొండ రోడ్డు మీద బైకులు నడపాలి. దారిలో హోటల్ పార్కింగ్‌లో రాత్రంతా బైకులు వదిలేయాలంటే భయం, అందుకని అన్ని వైపులా మూసి ఉండే ట్రైలర్ కొందామనుకుంటున్నావు. 5×8 (అడుగుల్లో వెడల్పు, పొడవు) సరిపోతుందా, 6×12 తీసుకోవాలా, డీలర్ చెప్పినట్టు 7×14కే వెళ్ళాలా అని అడిగావు. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

నేను పన్నెండేళ్ళుగా ఏదో ఒక ట్రైలర్ లాగుతూనే ఉన్నాను. ఇప్పటికి మూడు మారాయి. మొదటిది చూడకుండా కొన్నాను, రెండోది కారుకు మించి కొన్నాను, మూడోది ఇంకా నా దగ్గరే ఉంది. కాబట్టి కింద రాసినదాంట్లో సగం నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

అందరూ చేసే పని ఏంటంటే, టేపు తీసుకుని బైక్ పొడవు కొలిచి, దానికి సరిపోయే డబ్బా కోసం తిరగడం. లెక్క అక్కడ మొదలుపెట్టకు. నీ హైలాండర్ డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్తంభం మీద ఒక తెల్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంటుంది. అది ఒక అంకె. రెండోది ఓనర్స్ మాన్యువల్‌లో ఉండే టోయింగ్ లిమిట్. మీ మోడల్‌లో వీ6 ఇంజిన్ అయితే 5,000 పౌండ్లు, హైబ్రిడ్ అయితే 3,500. నీది ఏదో నువ్వు రాయలేదు. మొత్తం కథ దాని మీదే ఉంది.

స్టిక్కర్ మీది అంకెకూ ట్రైలర్‌కూ ఏం సంబంధం అని చాలామంది అడుగుతారు. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీద ఉండదు. ముందు కొక్కెం దగ్గర, అంటే హిచ్ బాల్ మీద, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. 2,900 పౌండ్ల ట్రైలర్ అయితే దాదాపు 350 పౌండ్లు నీ కారు వెనక కూర్చున్నట్టే. నీ స్టిక్కర్ మీద 1,400 ఉందనుకో, అందులోంచి ఈ 350 తీసెయ్. మీరిద్దరూ, డిక్కీలో కూలర్, బ్యాగులు వేసుకుంటే ఇబ్బంది లేదు. ఫ్యామిలీని కూడా తీసుకెళ్దాం, పిల్లలు, అమ్మానాన్నలు అంటే మాత్రం హిచ్ లిమిట్ కంటే ముందు ఈ అంకె దాటిపోతుంది. మన వాళ్ళు ఊరికి బయల్దేరితే ఆవకాయ జాడీలు, రైస్ కుక్కర్‌తో సహా ఎక్కుతుంది కదా, అదీ లెక్కే.

ఇప్పుడు డబ్బా బరువు. ర్యాంప్ డోర్ ఉన్న 6×12 సింగిల్ యాక్సిల్ (ఒకే ఇరుసు) ట్రైలర్ ఖాళీగా 1,400 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. నీ ఇంటర్‌సెప్టర్ పెట్రోలుతో కలిపి సుమారు 480. రోడ్ గ్లైడ్ 850 దగ్గర వేసుకో. వీల్ చాక్‌లు (ముందు చక్రం కదలకుండా పట్టే స్టాండ్లు), స్పేర్ టైరు, జాక్, హెల్మెట్లు, జాకెట్లు, టూల్స్ ఇంకో 150. కూడితే 2,880. ఈ సైజు ట్రైలర్ల మీద సాధారణంగా 2,990 పౌండ్లు అని జీవీడబ్ల్యూఆర్ ప్లేటు ఉంటుంది, అంటే డబ్బా, సరుకు కలిపి మోయగలిగే గరిష్ఠ బరువు. నీకు మిగిలింది 110 పౌండ్లు. సరిపోతుంది, కానీ దానితోపాటు మడత కుర్చీలు, గ్రిల్లు, గుడారం అంటే సరిపోదు.

ఆ 2,990 అంకె వెనక ఒక తిరకాసు ఉంది. కింద ఉన్న యాక్సిల్ నిజానికి 3,500 పౌండ్లది. చాలా రాష్ట్రాల్లో ట్రైలర్ 3,000 దాటితే బ్రేకులు తప్పనిసరి. అందుకని కంపెనీ వాళ్ళు ప్లేటు మీద 2,990 కొట్టి, బ్రేకులు లేకుండా చవగ్గా అమ్ముతారు. మన టెక్సస్‌లో అయితే 4,500 దాకా చట్టం అడగదు. కాలిఫోర్నియాలో 1,500కే అడుగుతుంది. చట్టం ఏం చెప్పినా నువ్వు మాత్రం ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించుకో. కొత్తది ఆర్డర్ చేసేటప్పుడు అయితే కొన్ని వందల డాలర్ల పని. మాన్యువల్ తిరగేస్తే, చట్టం కంటే చాలా తక్కువ బరువు దగ్గరే ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలని కార్ల కంపెనీలే రాస్తాయి. దీనికి కారు వెనక సెవెన్ పిన్ కనెక్టర్, డ్యాష్‌బోర్డు కింద బ్రేక్ కంట్రోలర్ కావాలి. నాలుగు పిన్నుల కనెక్టర్ మాత్రమే ఉంటే లైట్లు వెలుగుతాయి, బ్రేకులు పడవు.

ఇక 7×14. డీలర్ ఎందుకు చెప్పాడో తెలుసు, లోపల నిలబడి చూస్తే గది లాగా ఉంటుంది, ఎవరికైనా నచ్చుతుంది. రెండు యాక్సిళ్ళు, ఖాళీ బరువే 2,200కి పైన. నీ రెండు బైకులు, సామాను వేస్తే 3,700 దాటుతుంది. హైబ్రిడ్ అయితే ఇక మాట్లాడుకోవాల్సింది లేదు. వీ6 అయితే కాగితం మీద ఇంకా 1,300 మిగిలినట్టు కనిపిస్తుంది. అయితే ఎస్‌యూవీలకు మూసి ఉన్న ట్రైలర్ విషయంలో శత్రువు బరువు కాదు, గాలి. ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గోడను గంటకు 65 మైళ్ళతో గాలిలోకి తోస్తున్నావు. చాలా కార్ల మాన్యువల్స్‌లో ట్రైలర్ ముందు భాగం ఇన్ని చదరపు అడుగులు మించకూడదని కూడా ఉంటుంది, ఎవరూ ఆ పేజీ చదవరు. నా రెండో ట్రైలర్ 7×14. దాన్ని అప్పటి నా ఆరు సిలిండర్ల ఎస్‌యూవీతో లాగాను. అమరిల్లో దాటి పడమరగా వెళ్తుంటే ఎదురుగాలి. గ్యాలన్‌కు 22 మైళ్ళిచ్చే బండి తొమ్మిదికి పడిపోయింది, గేర్‌బాక్స్ వేడెక్కింది. పక్కనుంచి పెద్ద లారీ దాటిన ప్రతిసారీ ఒకసారి అవతలికి తోయడం, ఒకసారి దాని వైపు లాగడం. మా ఆవిడ రెండు గంటలు నోరు విప్పలేదు. టెన్షన్ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చిన నెలకే అమ్మేశాను.

5×8 గురించి ఒక్క మాటలో చెప్తా. నీ ఇంటర్‌సెప్టర్ ఒక్కటే అయితే ఇబ్బందిగా పడుతుంది. ఏడడుగుల బైక్, ఎనిమిదడుగుల నేల. రోడ్ గ్లైడ్ దాదాపు ఎనిమిదడుగులు, తలుపు మూసుకోదు. ఒక్క బైకే అనుకునేవాళ్ళు 5×10 చూడండి, మధ్యతరహా కారుక్కూడా అది హాయి.

కాబట్టి నీకు నా ఓటు 6×12, ముందు భాగం మొనదేలి ఉండే వీ-నోస్ రకం. మొన వల్ల మైలేజీ బ్రహ్మాండంగా పెరుగుతుందని డీలర్లు చెప్పేది నాకైతే అనుభవంలోకి రాలేదు. కానీ ఆ మొనలో ముందు చక్రం దూర్చుకోవచ్చు, హెల్మెట్లకు షెల్ఫ్ కొట్టుకోవచ్చు. అది చాలు. రెండు బైకులు ఎలా పడతాయో కూడా చూడు. లోపలి వెడల్పు 68, 70 అంగుళాల మధ్య ఉంటుంది. ఇంటర్‌సెప్టర్ హ్యాండిల్ 31 అంగుళాలు, రోడ్ గ్లైడ్ 38 దాకా. పక్కపక్కన పెడితే హ్యాండిళ్ళు రాసుకుంటాయి. ఒకదాన్ని మొనలోకి ముందుకు తోసి, రెండోదాన్ని అడుగున్నర వెనక్కి ఆపితే ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని సీటు పక్కకు వస్తుంది. అద్దాలు విప్పేయాల్సి రావచ్చు. కొనకముందే మీ గ్యారేజీ నేల మీద మాస్కింగ్ టేపుతో 6×12 పెట్టె గీసి, రెండు బైకులూ అందులో నిలబెట్టి చూడు. అరగంట పని, వేల డాలర్లు మిగులుతాయి. బరువైన హార్లీని ముందు ఎక్కించు, చక్రాల ఇరుసుకు ముందు వైపు బరువు కొంచెం ఎక్కువ ఉండాలి, అరవై నలభై లెక్కన. వెనక బరువు ఎక్కువైతే టంగ్ తేలిపోయి ట్రైలర్ పాములా ఊగుతుంది. అలా ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, కంట్రోలర్ మీదుండే మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే నెమ్మదిగా వెయ్యి. బ్రేకులు పెట్టించుకోమని పోరేది అందుకే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పైన పెయింటు, అల్యూమినియం చక్రాలు, లోపల ఎల్ఈడీ లైట్లు చూసి మోసపోకు. బైక్ ట్రైలర్‌ను నేల దగ్గర చూసి కొనాలి.

నా మొదటి ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌ది, 6×10. అమ్మినాయన నేలలో నాలుగు డీ-రింగులు (స్ట్రాపులు తగిలించే ఇనప రింగులు) బిగించి ఉంచాడు, పక్కన బొమ్మలా మెరిసే వీల్ చాక్. చూడగానే పని అయిపోయిందనుకున్నా. అప్పుడు నా దగ్గర ఒక పాత హోండా టూరింగ్ బైక్ ఉండేది. నాలుగు రాచెట్ స్ట్రాపులతో కట్టి ఆర్కన్సా కొండల వైపు బయల్దేరాం. టెక్సర్‌కానా దగ్గర పెట్రోలు కోసం ఆగాను. దిగి చూస్తే ట్రైలర్ కుడి గోడ మీద, బయటి నుంచి, నెలవంక ఆకారంలో ఒక ఉబ్బు. తలుపు తీస్తే బైక్ గోడకు ఆనుకుని ఉంది, అద్దం రేకులోకి దిగింది. ఎడమ ముందు డీ-రింగు స్ట్రాపుకు వేలాడుతోంది, దానికి నాలుగు చెక్క స్క్రూలు అలాగే ఉన్నాయి. నేల మీద నాలుగు బెజ్జాలు, చుట్టూ చీలిన ప్లైవుడ్ పీచు. ఆ స్క్రూలు ముప్పావు అంగుళం చెక్కను తప్ప దేన్నీ పట్టుకుని లేవు. రింగు మీద 5,000 పౌండ్లు అని అచ్చు వేసి ఉంది. రింగు తెగలేదు నిజమే, ఊడి వచ్చింది.

కాబట్టి ఏ ట్రైలర్ చూసినా కింద పడుకుని ఫ్లాష్‌లైట్ వేసి చూడు. డీ-రింగు బోల్టు ప్లైవుడ్ దాటి కిందకొచ్చి స్టీలు అడ్డ కమ్మీకి బిగించి ఉండాలి, లేదంటే కింద మందమైన స్టీలు ప్లేటు వేసి నట్టు బిగించి ఉండాలి. ఆ అడ్డ కమ్మీలు 16 అంగుళాలకు ఒకటి ఉన్నాయా, 24కా అన్నది కూడా అప్పుడే కొలువు. చవక రకాల్లో 24 ఉంటుంది. సోఫాలు, పెట్టెలు మోయడానికి అది చాలు, కానీ సన్నటి టైర్ల మీద 850 పౌండ్లు నిలబడితే నేల కుంగుతుంది. 16 అంగుళాలది కావాలని పట్టుబట్టు. కొత్తదైతే నేలలో పొడుగునా ఈ-ట్రాక్ పట్టాలు వేయించు, రేపు బైక్ మారినా కట్టే చోటు జరుపుకోవచ్చు.

తలుపు విషయంలో సందేహం వద్దు, ర్యాంప్ డోరే. బీరువా తలుపుల్లా తెరుచుకునే బార్న్ డోర్లు కొంచెం తేలిక, కొంచెం చవక, కానీ విడిగా ర్యాంపు మోసుకెళ్ళాలి. ఇరుకైన పలక మీదుగా హార్లీని ఎక్కిస్తుంటే జారితే ఆపేది ఎవరూ ఉండరు. ర్యాంప్ డోర్‌లో చూడాల్సింది, తలుపు దించాక నేల, ర్యాంపు కలిసే చోట ఏర్పడే మూపురం. రోడ్ గ్లైడ్ పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది, అక్కడ గీసుకుంటుంది. ర్యాంపు చివర మడత పలక ఉన్నది తీసుకుంటే వాలు తగ్గుతుంది. ఇంజిన్ ఆన్ చేసి ఎక్కి నడుపుకుంటూ లోపలికి వెళ్ళాలన్న సరదా మాత్రం పెట్టుకోకు. తలుపు పై కమ్మీ నీ నుదుటికి సరిగ్గా అందుతుంది. పక్కన నడుస్తూ మొదటి గేర్‌లో క్లచ్ మీద ఎక్కించు, మీ ఫ్రెండ్ రెండో వైపు ఉండాలి. పక్క తలుపు కూడా ఉండాలి, లేకపోతే బైక్ లోపల పెట్టాక నువ్వు బయటికి రావడానికి దారి ఉండదు.

కట్టేటప్పుడు సైడ్ స్టాండ్ తీసేసి బైక్‌ను నిటారుగా ఉంచి కట్టాలి. ముందు స్ట్రాపులు హ్యాండిల్ చివరలకు వేయకు, కింది ట్రిపుల్ క్లాంప్ (ముందు ఫోర్కు గొట్టాలు రెంటినీ కలిపి పట్టే భాగం) చుట్టూ మెత్తటి సాఫ్ట్ లూపు వేసి దానికి తగిలించు. ముందు ఫోర్కు సగం దాకా కుంగితే చాలు, పూర్తిగా నొక్కేస్తే సీళ్ళు పోతాయి. వెనక రెండు స్ట్రాపులు ఫ్రేముకు. ఇరవై మైళ్ళు వెళ్ళాక ఆగి మళ్ళీ బిగించు, స్ట్రాపులు తప్పకుండా కొంత సాగుతాయి. ట్యాంకు సగానికి మించి నింపకు. అక్టోబర్లో కూడా మన దగ్గర మూసిన రేకు డబ్బా లోపల వేడికి పెట్రోలు ఆవిరవుతుంది, గోడల్లో గాలి రంధ్రాలు లేని ట్రైలర్ అసలు వద్దు. ఆగినచోట తలుపు తీశాక ఓ నిమిషం వాసన పోనిచ్చి అప్పుడు లోపలికి వెళ్ళు.

కొత్తదా, పాతదా? రెండేళ్ళకు మించి వాడతాననే నమ్మకం ఉంటే కొత్తది. ఇవి ఎక్కువగా తయారయ్యేది జార్జియా దక్షిణాన డగ్లస్ పరిసరాల్లో, ఇండియానాలో ఎల్క్‌హార్ట్ వైపు. డాలస్ నుంచి జార్జియా దాకా వెళ్ళి ఫ్యాక్టరీ దగ్గరే తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, రవాణా ఖర్చు మిగులుతుందని. పాతది చూడ్డానికి వెళ్తే ఒక మనిషిని వెంట తీసుకెళ్ళు. నువ్వు లోపల నిలబడు, అతను తలుపులన్నీ మూసెయ్యాలి. చీకట్లో ఎక్కడెక్కడ వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడక్కడ నీళ్ళు దిగుతాయి. మూలల్లో నేలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మెత్తగా దిగితే ప్లైవుడ్ కుళ్ళింది. చక్రం జాక్ మీద లేపి తిప్పు, గరగరమంటే బేరింగులు పోయాయి.

టైర్ల దగ్గర ఇంకాస్త ఆగు. ట్రైలర్ టైర్లు అరగవు, ముసలివవుతాయి. పైన గాట్లు కొత్తగా కనిపించినా నమ్మకు. టైరు పక్కన అచ్చు వేసి ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడు, 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. అయిదేళ్ళు దాటితే మార్చే ఖర్చు బేరంలో తగ్గించమను. సైడ్‌వాల్ మీద సైజు ఎస్టీ (ట్రైలర్ టైరు అని గుర్తు) అని మొదలవ్వాలి, కారు టైర్లు వేసి అమ్మేవాళ్ళూ ఉంటారు. గాలి సైడ్‌వాల్ మీద రాసినంత నింపు, ఈ సైజులో సాధారణంగా 50 పీఎస్ఐ ఉంటుంది. వేరే స్పీడు రేటింగు రాసి లేకపోతే 65 మైళ్ళకు మించకు. ఐ-30 హైవే మీద అందరూ 80లో దూసుకెళ్తుంటే మనకు చిన్నతనంగానే ఉంటుంది, అలవాటవుతుంది.

బయల్దేరే వారం ముందు అన్నీ ఎక్కించి దగ్గర్లోని ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద ఒకసారి తూకం వేయించు. నేను చెప్పిన అంకెలన్నీ అంచనాలే, నీ బండి కాగితం అక్కడ వస్తుంది. కప్లర్ (ట్రైలర్ ముందు, బాల్ మీద కూర్చునే భాగం) రెండంగుళాలదైతే బాల్ కూడా రెండంగుళాలదే ఉండాలి, అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ ఉన్న బాల్ మీద కూడా కూర్చున్నట్టే కూర్చుని గుంతలో ఎగిరి ఊడుతుంది. ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు ఫోన్ చేసి ట్రైలర్‌కూ, లోపలి బైకులకూ విడివిడిగా అడుగు. కారు పాలసీలో లయబిలిటీ ట్రైలర్‌కు వర్తించినా, ట్రైలర్ సొంత నష్టం, లోపల ఉన్నవాటి నష్టం సాధారణంగా అందులో రావు. దొంగల గురించి భయపడ్డావు కదా, మూసిన ట్రైలర్‌తో ఒక చిక్కుంది. బైకులు కనిపించవు నిజమే, కానీ మొత్తం డబ్బానే కొక్కేనికి తగిలించుకుని పోతారు. కప్లర్ లాక్, చక్రానికి లాక్ రెండూ వేసి, హోటల్లో వెనక తలుపు గోడకు ఆనేలా నిలుపు.

ఇంకో మాట, ఇది మీ ఆవిడకు చెప్పేముందే తెలుసుకో. ఆరడుగుల పైన లోపలి ఎత్తు ఉన్న 6×12 బయటి ఎత్తు ఏడున్నర అడుగులు దాటుతుంది. మామూలు గ్యారేజీ తలుపు ఏడడుగులు. లోపలికి పోదు. ఫ్రిస్కో, ప్లేనో సబ్‌డివిజన్లలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో ట్రైలర్ కనిపిస్తే ఉత్తరం పంపకుండా ఉండరు. నాకు మూడో రోజే వచ్చింది, ఫోటోతో సహా. అంటే నెలనెలా స్టోరేజీ అద్దె. అది కూడా కలుపుకుని, ఏడాదికి ఒకటే ట్రిప్పు అయితే అద్దెకు దొరికే ఓపెన్ మోటార్‌సైకిల్ ట్రైలర్, మంచి కవర్లు, రెండు గొలుసులు తీసుకుని వెళ్ళండి. టెన్నెసీకి సుమారు 900 మైళ్ళు, ఓపెన్ ట్రైలర్‌తో గాలి బాధ కూడా సగం తగ్గుతుంది. మూడు నాలుగు ట్రిప్పులు, చలికాలంలో బైక్ దాచుకోవడం కూడా ఉందంటే అప్పుడు 6×12 కొను.

ముందు నీది వీ6నా హైబ్రిడ్డా చెప్పు, తలుపు స్టిక్కర్ ఫోటో తీసి పెట్టు. ఏదైనా ట్రైలర్ చూడ్డానికి వెళ్తే పైన రంగు ఫోటోలు వద్దు, కింద కమ్మీలవి, టైరు కోడువి పెట్టు. చూసి చెప్తా.